“నాకేమీ రాదక్కా, సేవకి ఒప్పుకోనా?” అని అడిగిన చెల్లెలికి

చెల్లెమ్మా, వందనాలు.

నువ్వు రాసింది నిదానంగా చదివాను. ఇది చదివే మిగతావాళ్లకి కూడా విషయం తెలియాలి కాబట్టి ముందు నీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీది టంగుటూరు దగ్గర పల్లె. పదో తరగతితో చదువు ఆగిపోయింది. సీజన్లో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్తావు. ఇన్నాళ్లూ మందిరం ఊడ్చి, చాపలు పరిచి, బల్లారాధన రోజు గ్లాసులు కడిగిపెడుతున్నావు. సండే స్కూలు చెప్పే అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది. ఆ పని నిన్ను చూసుకోమని పాస్టరుగారు అడిగారు. “నాకు మాట్లాడటం రాదు, పాట రాదు, బైబిలు పైకి చదువుతుంటే నోరు తిరగదు. పైగా నా కోపం సంగతి, మా అత్తతో గొడవల సంగతి సంఘంలో అందరికీ తెలుసు. నాలాంటిదాన్ని దేవుడు వాడుకుంటాడా? మర్యాదగా వద్దని చెప్పేయనా?” అని అడిగావు.

ఒప్పుకో. నా జవాబు అదే. అయితే ఎలా ఒప్పుకోవాలి, ఏ షరతులతో ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక మొదటి ఆదివారం ఏం చేయాలి అనేది కూడా చెప్పకుండా ఊరికే “దేవుడు చూసుకుంటాడులే” అంటే నీ టెన్షన్ తీరదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

నీ మాటల్లో రెండు వేరువేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, నేను తగినదాన్ని కాను అనేది. రెండోది, నాకు పని రాదు అనేది. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా చూసుకుని ఏళ్ల తరబడి వెనక చాపలోనే కూర్చుండిపోతారు. మొదటిదానికి నువ్వు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు, ప్రభువు చేసేశాడు. రెండోదానికి నువ్వు చేయాల్సింది చాలా ఉంది, ఆయన నీ బదులు చేయడు. తగనిదాన్నన్న బాధకి సాధన చేసుకుంటూ కూర్చున్నా, పని రాకపోవడానికి ఊరికే ప్రార్థన చేస్తూ కూర్చున్నా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు.

ముందు ఆ కోపం సంగతి. పేతురు ప్రభువుని ఎరగనని మూడుసార్లు అన్నాడు. అదీ ఎక్కడో చాటున కాదు, ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో, మంట దగ్గర నలుగురి మధ్య. ఆ తర్వాత గలిలయ సముద్రం ఒడ్డున ప్రభువు అతన్ని కూర్చోబెట్టి ఏం అడిగాడో యోహాను 21లో చూడు. “నువ్వు మారావా, ఇంకెప్పుడూ తప్పు చేయనని రాసిస్తావా” అని అడగలేదు. “నన్ను ప్రేమించుచున్నావా” అని అడిగాడు. అవునన్నాక అతనికి అప్పగించిన మొట్టమొదటి పని “నా గొఱ్ఱెపిల్లలను మేపుము”. గొర్రెల కంటే ముందు గొర్రెపిల్లలు. నిన్ను అడిగిన పని కూడా అదే కదమ్మా. సంఘం అంతా ఎరిగిన తప్పు చేసినవాడి చేతికే పిల్లల్ని ఇచ్చాడు ప్రభువు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. క్షమాపణ పొందిన పాత తప్పు వేరు, ఈ రోజుకీ వదలకుండా పట్టుకుని ఉన్న తప్పు వేరు. మీ అత్తగారితో మాటలు లేకుండా ఉన్నావని రాశావు. మత్తయి 5లో ప్రభువు చెప్పిన మాట సూటిగా ఉంది: నీ మీద నీ సహోదరునికి విరోధం ఏదైనా ఉందని బలిపీఠం దగ్గర జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. కాబట్టి ఈ వారంలోనే ఆమె దగ్గరికి వెళ్లు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. అన్నం పెట్టేటప్పుడు “అత్తా, ఆ రోజు నేను అన్న మాట తప్పే” అను చాలు. ఆమె కరిగినా కరగకపోయినా నీ వైపు నుంచి పని అయినట్టే. ఆమె మనసు మారేదాకా సేవ మొదలుపెట్టనని మాత్రం కూర్చోవద్దు, అది నీ చేతిలో లేదు.

ఇక పని రాదు అనే సంగతి. దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ప్రసంగాల్లో దీన్ని తొందరగా దాటేస్తారు.

మోషే “నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను” అన్న మాట నీకు తెలిసే ఉంటుంది. ఆ మాట దగ్గర ఆగి “చూశారా, నత్తివాడినే దేవుడు వాడుకున్నాడు” అని ముగించేస్తాం. నిర్గమకాండం 4వ అధ్యాయం నువ్వే ఒకసారి నెమ్మదిగా చదువు. మోషే తన చేతకానితనం చెప్పుకున్నందుకు దేవుడికి కోపం రాలేదు. నోరు ఇచ్చింది నేనే కదా, నీకు తోడుగా ఉంటాను అని ఓపికగా జవాబిచ్చాడు. అంతా విన్నాక కూడా “ఇంకెవరినైనా పంపు ప్రభువా” అన్నప్పుడు కోపం వచ్చింది. భయంగా ఉందని చెప్పడం తప్పు కాదు. భయాన్ని అడ్డం పెట్టుకుని పని ఇంకొకరి మీదికి తోసేయడమే దేవుడికి నచ్చలేదు.

ఆ కోపంలో కూడా దేవుడు ఏం చేశాడు? మోషే నాలుకని అప్పటికప్పుడు బాగుచేశాడని ఎక్కడా లేదు. తోడు ఒక మనిషిని ఇచ్చాడు. నీ అన్న అహరోను బాగా మాట్లాడగలడు, ఇదిగో నిన్ను కలుసుకోవడానికి వస్తున్నాడు అన్నాడు. మోషే వద్దు వద్దంటున్న వేళకే ఆ మనిషి దారిలో ఉన్నాడు. ఈ ఒక్క సంగతి నన్ను చాలా ఏళ్లుగా నిలబెడుతోంది. పని రాదని అనిపించినప్పుడు శక్తి కోసం ప్రార్థిస్తాం, మంచిదే. దాంతోపాటు “నాకు తోడుగా ఎవరిని పంపుతున్నావు ప్రభువా” అని కూడా అడగాలి. మీ సంఘంలో పదో తరగతి దాటిన ఆడపిల్ల ఒకతె, రిటైరైన టీచరు ఒకాయన, గట్టిగా పాడే పెద్దమ్మ ఒకామె, ఎవరో ఒకరు ఉండే ఉంటారు. చుట్టూ చూడు.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. బాగా మాట్లాడగలిగిన ఆ అహరోనే, మోషే కొండ మీద ఉన్నప్పుడు జనం ఒత్తిడికి లొంగి వాళ్లు పూజించడానికి బంగారు దూడను పోతపోసి ఇచ్చాడు. నిర్గమకాండం 32లో మోషే నిలదీస్తే, బంగారం అగ్నిలో వేశాను, ఈ దూడ బయటికి వచ్చింది అన్నాడు. మాట నేర్పు ఉంది, నిలబడే ధైర్యం లేదు. ఆ రోజు జనం కోసం దేవుడి ముందు అడ్డుపడి బతిమాలింది నోటి మాంద్యం గల మోషే. యూట్యూబులో ప్రసంగాలు విని “అలా మాట్లాడలేను” అని రాశావు కదా, అప్పుడు ఈ అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్కన పెట్టి చూసుకో.

అలాగని మోషే చివరిదాకా మాట రాకుండానే ఉండిపోలేదు. ఫరో ముందుకు వెళ్లినప్పుడు ఆయనకి 80 ఏళ్లు. 120 ఏళ్ల వయసులో మోయాబు మైదానాల్లో నిలబడి ఇశ్రాయేలీయులందరికీ ఆయన చెప్పిన మాటలే ద్వితీయోపదేశకాండం. ఆ పుస్తకమంతా దాదాపు ఆయన ప్రసంగమే. మాట రాదన్న మనిషి దగ్గర్నుంచి మనకి అంత పెద్ద ప్రసంగం వచ్చింది. మధ్యలో నలభై ఏళ్లు పట్టింది. ఆ నలభై ఏళ్లూ ఆయన పని మానేసి మాటలు ప్రాక్టీసు చేయలేదు. పని చేస్తూ ఉండగానే మాట వచ్చింది.

మన జిల్లా సంగతే చూడు. మనం ఈ రోజు ఆరాధన చేసుకుంటున్న సంఘాల మొదళ్లు వెతికితే పెద్ద పెద్ద చదువులవాళ్లు తక్కువమందే కనిపిస్తారు. ఫలితం లేదని అమెరికా బాప్తిస్టుల నెల్లూరు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడిచిన రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేసినవాళ్లు ఐదుగురే. ఆ మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. ఆ ఉదయం వాళ్లు చేయగలిగింది కొండ ఎక్కడం, మోకరించడం. ఆ కొండని మనం ఈ రోజుకీ ప్రార్థన కొండ అంటున్నాం.

తర్వాత పన్నెండేళ్లకి ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు అంతకుముందు సర్వేయరు పని చేసిన మనిషి. 1866లోనే బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. అప్పటికి బోధకులకి చదువు చెప్పే రామాయపట్నం సెమినరీ లేదు, అది 1870ల్లో వచ్చింది. పేరయ్య తనకి తెలిసిన సంతలు, తను తిరిగిన పల్లెలు, తన బంధువుల ఇళ్లు, వీటి మధ్యే తిరిగి చెప్పాడు. మరుసటి ఏడాది జనవరిలో ఆయన ఊరు తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ధాత కరువు (1876-78 నాటి పెద్ద కరువు) వచ్చినప్పుడు ఇంకా గొప్ప సంగతి జరిగింది. మీ వైపు సముద్రం పక్కనే పోయే బకింగ్‌హాం కాలువ చూశావుగా, అందులో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకున్నారు, ఆకలితో చచ్చిపోతున్నవాళ్లకి కూలి దొరకాలని. సర్వే పని నేర్చిన చేతులు అక్కడ పనికొచ్చాయి. బోధకులు అక్కడ మేస్త్రీలయ్యారు. పగలు మట్టి పని చూస్తూ, జనం సేద తీరేటప్పుడు వాళ్ల పక్కన కూర్చుని ప్రభువు మాట చెప్పేవాళ్లు. బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో దిగి ఇచ్చింది దొరలు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు అలసిపోతే ఇద్దరు దిగుతూ పూర్తి చేశారు. అంటరానివాళ్లంటూ ఊరు పక్కన పెట్టిన మనుషుల చేతుల మీదుగా మన సంఘాలు పుట్టాయమ్మా. వాళ్ల మనవరాళ్లం మనం. మనకేం వచ్చులే అనుకునే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఇప్పుడు నీ దగ్గరికి వస్తాను. నాకు ఏ విద్యా రాదన్నావు. గ్రేడింగ్‌లో ఆకు చేత్తో పట్టుకోగానే రంగు, మందం చూసి ఏ గ్రేడులో వేయాలో చెప్పగలవు. అది నీకు పుట్టుకతో వచ్చిందా? ఎవరో ఒక పెద్దామె పక్కన కూర్చుని, ఆమె తీసి అవతల పెట్టిన ఆకుల్ని చూసి నేర్చుకున్నావు. పిల్లలకి కథ చెప్పడం కూడా అలాగే వస్తుంది. సింగరాయకొండలోనో ఒంగోలులోనో బాగా చెప్పే సండే స్కూలు టీచరు ఎవరో పాస్టరుగారికి తెలిసే ఉంటుంది. రెండు మూడు ఆదివారాలు వెళ్లి ఆమె క్లాసులో పిల్లలతోపాటు కూర్చో. ఆమె ఏం చెప్తుందో కంటే పిల్లలు అల్లరి మొదలుపెట్టినప్పుడు ఏం చేస్తుందో చూడు. మే నెలలో వీబీఎస్ (పిల్లలకి సెలవుల్లో పెట్టే బైబిలు క్లాసులు) పెడితే వాలంటీరుగా వెళ్లు, పది రోజుల్లో చాలా పట్టుబడుతుంది.

చదివేటప్పుడు నోరు తిరగకపోవడం నీ ఒక్కదాని ఇబ్బంది కాదు. మన తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది. ఒక్కో వచనం నాలుగైదు లైన్లు సాగుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదు. దానికి మందు పెన్సిలు. శనివారం రాత్రి అన్నాలయ్యాక ఆ భాగం తెరిచి, పైకి చదువుతూ, ఆగాల్సిన చోట చిన్న గీత పెట్టుకో. ఉదాహరణకి మార్కు 2వ అధ్యాయం, పక్షవాయువు గలవాడి కథ. “ఇంటి కప్పు విప్పి” గీత. “సందుచేసి” గీత. నోరు తడబడిన మాట కింద ఒక చుక్క పెట్టుకుని దాన్ని మాత్రం విడిగా పలుకు. గట్టిగా, ఇంట్లోవాళ్లు వినేలా చదవాలి. మనసులో చదువుకుంటే తడబాటు ఎక్కడుందో తెలియదు. అలా చదివితే పొద్దున్నకి వచనం నీ నోట్లో ఆడుతుంది.

చదవడం అయ్యాక పుస్తకం మూసేసి, పక్కింటి పిల్లకి చెప్తున్నట్టు మన మాటల్లో చెప్పు. ఆ కథే చూద్దాం. ఇల్లు నిండిపోయింది. గుమ్మం దగ్గర కూడా చోటు లేదు. నలుగురు మనుషులు ఒక మనిషిని పడుకోబెట్టి మోసుకొచ్చారు. లోపలికి పోలేరు. ఏం చేశారు? పైకెక్కి కప్పు విప్పారు. ఇక్కడ ఆగి పిల్లల్ని అడుగు: “మీ ఇంట్లో అందరూ కూర్చుని ఉండగా ఎవరో పైనెక్కి కప్పు విప్పుతుంటే కింద ఏం పడుద్ది?” మట్టి పడుద్ది అంటారు, దుమ్ము అంటారు, బల్లి పడుద్ది అంటారు. నవ్వనివ్వు. “ఆ ఇంటాయన ఏమనుంటాడు?” అని అడుగు. అప్పుడు మంచాన్ని తాళ్లతో దింపుతున్నట్టు నీ చేతులతో చూపించు. నలుగురు పిల్లల్ని లేపి ఒక దుప్పటికి నాలుగు మూలలు పట్టించు, మధ్యలో ఒక దిండు పెట్టు. ఒకర్ని చెయ్యి వదలమను. దిండు జారిపోతుంది. నలుగురిలో ఒక్కరు వదిలేసినా ఏమవుతుందో వాళ్ల కళ్లతోనే చూస్తారు. ఆ తర్వాత ప్రభువు అతనితో “కుమారుడా, నీ పాపములు క్షమింపబడియున్నవి” అన్నాడని చెప్పు. ఆ మాట మాత్రం బైబిల్లో ఉన్నట్టే చెప్పి, పిల్లల చేత కూడా అనిపించు. లేచి నీ పరుపెత్తుకుని ఇంటికి వెళ్లు అన్నాడని, అతను అందరూ చూస్తుండగానే నడిచి వెళ్లాడని చెప్పి ముగించెయ్యి. చిన్నపిల్లలకి పది నిమిషాల కథ చాలు. “కాబట్టి పిల్లలూ” అని చివర ఐదు నీతులు చెప్పొద్దు. కథలో పడిన పిల్లలు ఇంటికెళ్లి వాళ్లమ్మకి చెప్తారు, అంతకంటే ఏం కావాలి.

ఆ నలుగురి గురించి ఇంకో సంగతి, ఇది నీకోసం. వాళ్లు మాట్లాడిన మాట ఒక్కటి కూడా సువార్తలో లేదు. పేర్లు లేవు. ప్రభువు “వారి విశ్వాసము చూచి” అని రాసి ఉంది. మోశారు, ఎక్కారు, విప్పారు, దింపారు. ఆయన చూశాడు.

పిల్లలు ప్రశ్నలు అడుగుతారని భయపడుతున్నావు. అడుగుతారు. దేవుణ్ణి ఎవరు చేశారు అంటారు, మా నాన్న ప్రార్థనకి ఎందుకు రాడు అంటారు. తెలియకపోతే “నాకు తెలియదురా, పాస్టరుగారిని అడిగి వచ్చే ఆదివారం చెప్తా” అను. ఒక నోటు పుస్తకంలో రాసుకుని, వచ్చే ఆదివారం మర్చిపోకుండా చెప్పు. వాళ్ల ప్రశ్నకి నువ్వు వారం రోజులు శ్రద్ధ పెట్టావని పిల్లలకి అర్థమవుతుంది. రెండో రకం ప్రశ్నకి జవాబు వెతకొద్దు, ఆ పిల్లని దగ్గరికి తీసుకుని వాళ్ల నాన్న కోసం ప్రార్థన చెయ్యి. మీ ఆయన కూడా మందిరానికి రాడని రాశావు కాబట్టి, ఆ పిల్ల బాధ మీ సంఘంలో నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇక ఒక మాట మీద నాకు అభ్యంతరం ఉంది. “ఊరికే ఊడ్చి, గ్లాసులు కడిగేదాన్ని” అన్నావు. ఆ “ఊరికే” తీసెయ్యి. సంఖ్యాకాండం 4వ అధ్యాయం ఎవరూ పెద్దగా చదవరు, నువ్వు చదువు. అరణ్యంలో దేవుణ్ణి ఆరాధించే గుడారం మోసే పని లేవీయుల వంశాలకి పంచారు. కహాతీయులకి మందసం, బల్ల, దీపవృక్షం వచ్చాయి. మెరారీయులకి పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు వచ్చాయి. మేకులు మోసేవాడికి ఏం పేరొస్తుంది? కానీ మెరారీయుల బరువుల గురించే దేవుడు ప్రత్యేకంగా చెప్పాడు, ఎవరు ఏది మోయాలో ఒక్కొక్కటి పేరు పెట్టి అప్పగించమని. ఒక్క మేకు తక్కువైనా గుడారం సరిగా నిలబడదు. ఆదివారం పొద్దున్నే నువ్వు పరిచిన చాప మీద కూర్చునే పెద్దాయనకి వాక్యం అందుతోంది. సండే స్కూలు చెప్పడం దీనికంటే పై మెట్టు అనుకోకు. ఇన్నాళ్లూ ఒక బరువు మోశావు, ఇప్పుడు ఇంకో బరువు నీ పేరు పెట్టి ఇస్తున్నారు. పాత పని ఇంకొకరికి నేర్పి అప్పగించి వెళ్లు.

మా వైపు ఒక పెద్దమ్మ ఉండేది. అక్షరం రాదు. ప్రతి ఆదివారం ఎవరు రాలేదో గుర్తుపెట్టుకుని, సాయంత్రం వాళ్ల ఇళ్లకి వెళ్లేది. జ్వరమైతే జావ కాచి ఇచ్చేది, అలిగితే గడప మీద కూర్చునేది, లేవమన్నా లేచేది కాదు. వెళ్లేటప్పుడు రెండు ముక్కల్లో ప్రార్థన చేసేది, దేవుడితో పొరుగింటి మనిషితో మాట్లాడినట్టే. ఆమె పోయినప్పుడు సమాధి దగ్గర సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డవాళ్లలో సగం మంది, సంఘం వదిలేసి ఆమె వల్ల తిరిగి వచ్చినవాళ్లే. నీకు పిల్లల క్లాసు కుదరలేదనుకో, ఇలాంటి పని ఒకటి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

సంఘంలో ఆడవాళ్లు “పదో తరగతి ఆమె పిల్లలకి ఏం చెప్తుంది” అంటారని భయపడ్డావు. అంటారు. ఒకరిద్దరు నీ ముందే అంటారు. పౌలంతటివాడు కొరింథులో బలహీనతతో, భయంతో, వణుకుతో ఉన్నానని తనే రాసుకున్నాడు, ఆయన మాటలు కొరగానివని అక్కడివాళ్లు అన్నారు కూడా. ఆయన తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధని తీసేయమని ప్రభువుని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు “నా కృప నీకు చాలును”. ముల్లు తీయలేదు. కాబట్టి నీ వణుకు మొత్తం పోయాకే మొదలుపెడదామని చూడకు. అన్నవాళ్లకి జవాబు చెప్పాల్సిన పని లేదు. వాళ్లలో ఎవరికైనా చదువు ఉంటే మాత్రం “అక్కా, నెలకో ఆదివారం మీరొచ్చి చెప్పండి” అని పిలువు. నిజంగా పిలువు, ఎత్తిపొడుపుగా కాదు. వచ్చేవాళ్లు వస్తారు.

పాస్టరుగారితో కొన్ని విషయాలు ముందే మాట్లాడుకో. పొగాకు కాల్చే బ్యారన్లు, గ్రేడింగ్ జోరుగా ఉన్న నెలల్లో నువ్వు ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, శనివారం చదువుకోవడానికి ఓపిక ఉండదు. ఆ నెలల్లో ఇంకొకరు కలవాలని గట్టిగా చెప్పు. నిర్గమకాండం 18లో మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుంటే, ఇది నీకు మించిన భారం, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని మామ యిత్రో అన్నాడు. ఆ మాట మన సంఘాల్లో ఎవరూ వినరు. పని చేసేవాళ్ల మీదే ఇంకో పని వేస్తారు. ఒక ఏడాదికి ఒప్పుకుంటానని, తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడుకుందామని చెప్పు. మీ ఆయనకి కూడా ముందే చెప్పు, ఆదివారం ఇంకో గంట ఆలస్యమవుతుందని. ఇంట్లో తెలియకుండా మొదలుపెట్టిన సేవ ఇంట్లోనే గొడవగా మారడం చాలాసార్లు చూశాను.

పిల్లల భద్రత గురించి కూడా. క్లాసులో నీతోపాటు ఇంకో పెద్దమనిషి ఎప్పుడూ ఉండాలి. తలుపులు తెరిచే ఉంచాలి. చిన్నపిల్లల్ని ఇంటివాళ్ల చేతికే అప్పగించాలి, లేదా గుంపుగా పంపాలి, రోడ్డు దాటించాలి. కర్ర పట్టుకోవద్దు, ఎవరినీ కొట్టొద్దు. నీ కోపం గురించి నువ్వే చెప్పావు కాబట్టి ఇది మరీ ముఖ్యం. విసుగొచ్చిన క్షణంలో పిల్లలందర్నీ లేచి నిలబడమని, ఏదో ఒక కంఠతా వాక్యం గట్టిగా చెప్పించు. ఆ అరనిమిషంలో వాళ్లూ సర్దుకుంటారు, నువ్వూ సర్దుకుంటావు.

వద్దని చెప్పడం సరైన జవాబయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంట్లో పసిబిడ్డ జబ్బుగా ఉంటే, మంచాన పడ్డవాళ్లని నువ్వే చూసుకోవాల్సి ఉంటే, నీకే ప్రాణం బాగా లేకపోతే, అప్పుడు ఇంటి దగ్గర చేసేదే నీ సేవ. నువ్వు రాసినదాంట్లో అలాంటిదేమీ కనిపించలేదు కాబట్టే ఒప్పుకో అంటున్నాను.

చివరిగా పాట సంగతి అడిగావు. పాట రానివాళ్లు సండే స్కూలు చెప్పకూడదని ఎక్కడా లేదు. నీ క్లాసుకి వచ్చే ఏడో తరగతి, ఎనిమిదో తరగతి ఆడపిల్లల్లో పాట ఎత్తగలిగిన పిల్ల ఒకతె తప్పకుండా ఉంటుంది. మొదటి ఆదివారమే ఆ పిల్ల ఎవరో కనిపెట్టి, పాటలు నీవే అని అప్పగించు. కీర్తనల పుస్తకం కూడా ఆ పిల్ల దగ్గరే ఉంచు. ఆ పిల్ల సిగ్గుపడి “నాకు రాదక్కా” అంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి చరణం ఇద్దరూ కలిసి చదవండి, తర్వాత ఆమె ఎత్తుకుంటుంది.